చూపు తగ్గినా నవ్వు తగ్గని చిలకమర్తి

బడిలో తెలుగు పాఠం చదువుకున్న ఎవరికైనా చిలకమర్తి లక్ష్మీనరసింహం పేరు తెలుసు. ఆయన రాసిన ‘గణపతి’ నవల చదివి కడుపుబ్బ నవ్వినవాళ్లు, అదే కథను రేడియో నాటకంగా విన్నవాళ్లు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటారు. పకోడీ మీద పద్యాలు రాసిందీ ఆయనే. ఇంతమందిని నవ్వించిన ఆ మనిషిని చిన్న వయసు నుంచే రేచీకటి పట్టి పీడించిందని, రానురాను చూపు మందగించి చివరికి పూర్తిగా పోయిందని మాత్రం చాలామందికి గుర్తుండదు.

నవ్వు ఆరోగ్యానికి మంచిదని మీరు చాలాసార్లు విని ఉంటారు. ఎమ్మిగనూరులో ప్రభుత్వ వైద్యుడిగా నేను రోజూ చూసేవాళ్లలో ఎక్కువమంది షుగరు, బీపీ, కీళ్లనొప్పులు, పక్షవాతం లాంటి ఏళ్ల తరబడి ఉండే జబ్బులతో వస్తారు. వాళ్లకు నవ్వమని సలహా ఇవ్వడం తేలికే. నయం కాని జబ్బును వెంటపెట్టుకుని నవ్వుతూ బతకడం ఎలాగో చెప్పడమే కష్టం. అందుకు ఒక నిజమైన జీవితాన్ని చూపించాలి. ఆ జీవితం కోసమే ఈ వారం మనం గోదావరి ఒడ్డుకు వెళ్దాం.

దీపాల కాలంలో రేచీకటి

చిలకమర్తి 1867 సెప్టెంబరు 26న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని ఖండవల్లిలో పుట్టారు. బాల్యం వీరవాసరంలో గడిచింది. తర్వాత చదువు కోసం రాజమహేంద్రవరం చేరి, అక్కడి బడుల్లోనే తెలుగు పంతులుగా పనిచేశారు. అప్పటికి మన ఊళ్లకు కరెంటు రాలేదు. పొద్దుగూకితే నూనె దీపమే దిక్కు. మామూలు కళ్లున్నవాళ్లే తడుముకుంటూ నడిచే ఆ వెలుగులో రేచీకటి ఉన్న కుర్రవాడి పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రేచీకటి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన కంటి లోపలి పొర అయిన రెటీనాలో మసక వెలుతురులో చూడటానికి ప్రత్యేకంగా కొన్ని కణాలు ఉంటాయి. అవి పనిచేయాలంటే విటమిన్ ఏ కావాలి. అది తగ్గితే సాయంత్రం నుంచి చూపు ఆనదు. ఈ రకం రేచీకటిని తొలి దశలోనే గుర్తిస్తే మందుతో నయం చేయవచ్చు. అందుకే పిల్లలకు 9 నెలల వయసు నుంచి 5 ఏళ్లు నిండేలోగా 9 డోసుల విటమిన్ ఏ ద్రావణం ఉచితంగా ఇస్తున్నారు. రెండో రకం పుట్టుకతో వచ్చేది. ఇందులో ఆ కణాలే క్రమంగా దెబ్బతింటాయి. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో దీని ముప్పు ఎక్కువ. చిలకమర్తి చిన్నతనంలో విటమిన్ అనే మాటే పుట్టలేదు. కంటి వైద్యం అంతంత మాత్రం. చూపు తగ్గుతుంటే చూస్తూ ఊరుకోవడం తప్ప చేయగలిగింది పెద్దగా లేదు.

చూపు తగ్గినవాళ్లు చాలామంది చీకటి పడేసరికి ఒక మూల కూర్చుండిపోతారు. పెళ్లికి రారు, జాతరకు రారు. నలుగురిలో తడబడితే నవ్విపోతారని భయం. చిలకమర్తి ఆ మూలన కూర్చోలేదు. పాఠాలు చెబుతూనే నాటకాలు రాయడం మొదలుపెట్టారు.

నాటకం చుట్టూ చేరిన జనం

‘కీచకవధ’తో మొదలైన ఆయన నాటక రచన ‘గయోపాఖ్యానం’తో ఆంధ్రదేశమంతా పాకింది. జాతరల్లో పద్యనాటకాలు చూసిన మన పెద్దవాళ్లకు కృష్ణార్జునులు తలపడే ఆ కథ కొత్త కాదు. ఆ పుస్తకం లక్ష ప్రతులు అమ్ముడుపోయిందని చెప్పుకుంటారు. తర్వాతి రోజుల్లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం రాజమహేంద్రవరంలో చదువుకునే రోజుల్లో చిలకమర్తి నాటకాల్లో వేషాలు కట్టారు.

నాటకం ఒక్కరితో అయ్యే పని కాదన్నది ఇక్కడ మనం గమనించాల్సిన విషయం. రాసేవాడు, పాడేవాడు, వేషం కట్టేవాడు, తెర లాగేవాడు అందరూ ఒకచోట చేరాలి. చేరినచోట తప్పులు జరుగుతాయి, తప్పులు జరిగినచోట నవ్వులు పుడతాయి. చూపు తక్కువైన మనిషి చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉండేలా ఆయన ఎంచుకున్న పనే చేసింది.

నవ్వును పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ తేల్చిన విషయం కూడా ఇదే. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు నవ్వే అవకాశం సుమారు 30 రెట్లు ఎక్కువ. మనం నవ్వేది పెద్ద పెద్ద హాస్యోక్తులకేమీ కాదని, ఎక్కువగా మామూలు కబుర్ల మధ్యనే నవ్వుతామని కూడా ఆయన గమనించారు. నవ్వు కావాలంటే ముందు పక్కన మనిషి కావాలన్నమాట.

పత్రికల పోటీలకు నవలలు రాసి బహుమతులు తెచ్చుకున్నారు చిలకమర్తి. ‘రామచంద్ర విజయం’, ‘హేమలత’, ‘అహల్యాబాయి’ అలా వచ్చినవే. ‘మనోరమ’, ‘దేశమాత’ పత్రికలు నడిపారు. కందుకూరి వీరేశలింగం పంతులు చూపిన దారిలో, సంఘంలోని మూఢాచారాలను, డంబాలను ఎత్తిచూపుతూ ప్రహసనాలు రాశారు. పేజీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదవాల్సిన మనిషి చేసిన పని ఇది.

నవ్వితే ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆయన ప్రహసనం చదివి మీరు గట్టిగా నవ్వారనుకోండి. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం వేగంగా ఎగిరెగిరి పడుతుంది. లోపల నిలిచిన గాలి బయటకు పోయి కొత్త గాలి వస్తుంది. గుండె కాసేపు వేగంగా కొట్టుకుని, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. బిగుసుకున్న కండరాలు వదులవుతాయి. నవ్వీ నవ్వీ నిలబడలేకపోయామని అంటాం కదా, అది ఇదే.

రక్తనాళాల మీదా దీని ప్రభావం ఉంటుంది. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 2005లో 20 మందికి ఒకసారి నవ్వు తెప్పించే సినిమా, మరోసారి ఆందోళన కలిగించే సినిమా చూపించి పరీక్షించారు. నవ్వినప్పుడు చేతి రక్తనాళంలో రక్తప్రసారం సగటున 22 శాతం పెరిగింది. ఆందోళన పడినప్పుడు 35 శాతం తగ్గింది. నొప్పిని ఓర్చుకునే శక్తి నవ్వు తర్వాత పెరుగుతుందని ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్బార్ బృందం చూపించింది. శరీరం తనంతట తాను తయారుచేసుకునే నొప్పి నివారిణులు, అంటే ఎండార్ఫిన్లు, అందుకు కారణమని వాళ్ల అభిప్రాయం. మగ్గం గుంతలో పొద్దంతా కూర్చుని నడుము పట్టేసిన నేతన్నలు పక్క మగ్గం మీది మనిషితో పరాచికాలాడుతూ పని చేసుకుంటే పొద్దు తెలియదంటారు. అందులో శాస్త్రం ఉంది.

అయితే ఈ అధ్యయనాల్లో చాలావరకు కొద్దిమంది మీద, కొద్దిసేపు చేసినవి. వాటిని చూసి నవ్వుతో గుండెజబ్బు నయమవుతుందని అనుకోకూడదు. ఇంకో లెక్క కూడా చెబుతాను. 10 నుంచి 15 నిమిషాలు నవ్వితే ఖర్చయ్యేది 10 నుంచి 40 కేలరీలే. చిలకమర్తి పకోడీ పద్యాలు చదివి ఎంత నవ్వినా, ఆ తర్వాత ప్లేటు పకోడీలు లాగిస్తే లెక్క సరిపోదు. పద్యాలు ఎన్నైనా చదవండి, పకోడీలు మాత్రం ఎప్పుడైనా ఒకసారి తినండి.

భయం మీద ఎగతాళి

1907లో బెంగాల్ నుంచి బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరం వచ్చారు. వందేమాతరం ఉద్యమం ఉరకలేస్తున్న రోజులవి. ఆయన ఇంగ్లిషు ఉపన్యాసాలను జనానికి తెలుగులో చెప్పింది చిలకమర్తే. ఆ సభలోనే ఆయన ఒక పద్యం చెప్పారు. దేశాన్ని పాడి ఆవుగా, తెల్లదొరలను పాలు పిండుకునేవాళ్లుగా, మనల్ని ఆకలితో అలమటించే దూడలుగా చూపించిన ఆ పద్యం ఊరూరా నోటికి వచ్చేసింది. దొరను చూస్తే వణికే రోజుల్లో, ఆ దొరను పాలు పితికే మనిషిగా ఊహించుకుని జనం పెదవి విరిచి నవ్వుకున్నారు.

భయపెట్టేదాన్ని చూసి ఒక్కసారి నవ్వగలిగితే దాని సైజు తగ్గుతుంది. జబ్బు విషయంలోనూ అంతే. షుగరు ఉందని తెలిసిన మొదటి వారం కొందరు తిండీ నిద్రా మానేస్తారు. కొన్నాళ్లకు తమ మీద తామే జోకులు వేసుకునే స్థితికి వస్తారు. పెళ్లిలో లడ్డూను దూరం నుంచే దండం పెట్టి పంపిస్తారు. అలాంటివాళ్లు మందులు క్రమంగా వేసుకుంటారని, పరీక్షలకు పిలిచిన రోజున వస్తారని నా అనుభవం. భయంతో బిగుసుకుపోయినవాళ్లే మధ్యలో మానేసి నాటుమందుల వెంట పడుతుంటారు.

ఎవరిని చూసి నవ్వాలి?

చూపు మందగిస్తున్న వయసులో, 53 ఏళ్లకు, 1920లో ఆయన ‘గణపతి’ తెచ్చారు. తిండి మీద తప్ప చదువు మీద ధ్యాస లేని, పని చేయని, ఎవరి మాటా వినని ఒక మొండిఘటం కథ అది. చదువుతున్నంతసేపూ నవ్వొస్తుంది. పుస్తకం మూశాక ఆ కుటుంబం మూడు తరాలుగా మోసిన పేదరికం గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది. తను పుట్టిన కులంలోని సోమరితనాన్ని, అజ్ఞానాన్ని, తను చేసిన పంతులు వృత్తిలోని లోటుపాట్లనే ఆయన నవ్వులపాలు చేశారు. బక్క జీవిని కొట్టి నవ్వించలేదు.

ఊరి బయట ఉంచిన పిల్లల విషయంలో ఆయన ఏం చేశారో చూస్తే ఇది మరింత తెలుస్తుంది. 1909లో రాజమహేంద్రవరంలో అంటరానివారుగా చూసిన కులాల పిల్లల కోసం రామమోహన్ రాయ్ పేరుతో బడి పెట్టారు. అప్పటి సంఘం ఎవరిని చూసి ఈసడించుకునేదో వాళ్లకు ఆయన పలకా బలపం అందించారు.

ఈ తేడా డాక్టరుగా నాకు చాలా ముఖ్యం. నవ్వు నాలుగు విధాల చేటు అని మన పెద్దలు అన్నది ఎగతాళి నవ్వు గురించే అనుకుంటాను. ఆ చేటు ఓపీలో కనిపిస్తూనే ఉంటుంది. చెవి వినపడని పెద్దాయన మిషను పెట్టుకోడు, ఎందుకంటే మనవళ్లు నవ్వుతారు. మూర్ఛ వచ్చే అమ్మాయిని పెళ్లీడు వచ్చేదాకా ఇంట్లోనే దాస్తారు, వాడకట్టు నవ్వుతుందని. దగ్గితే, తుమ్మితే మూత్రం పడిపోయే ఆడవాళ్లు పదేళ్లయినా ఎవరికీ చెప్పరు. నత్తి ఉన్న పిల్లవాడు బడి మానేస్తాడు. సాయంత్రం తడుముకునే బిడ్డకు వాడలో ఒక పేరు పెడతారు, ఆ పేరు భయానికి ఆ బిడ్డ చూపు సంగతి చెప్పడం మానేస్తుంది. నయమయ్యే రేచీకటి ఇలా నయం కాని దశకు చేరుతుంది. జబ్బు ముదిరాక వచ్చేవాళ్లలో కొందరిని అన్నాళ్లూ ఆపింది డబ్బు కాదు, దూరం కాదు, చుట్టుపక్కల వాళ్ల నవ్వు.

అందుకే మీ ఇంట్లో ఒక చిన్న నియమం పెట్టుకోండి. ఒంటి లోపం మీద జోకు వేయకూడదు. లావు, నలుపు, బట్టతల, మెల్లకన్ను, కుంటి నడక దేన్నీ వదలకుండా పేరు పెట్టి పిలిచే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఆ మనిషి కూడా నవ్వుతున్నాడు కదా అనుకుంటాం. చాలాసార్లు అతను నవ్వేది ఏడవలేకే.

చీకటి కమ్మినా ఒంటరి కాలేదు

చిలకమర్తి చూపు చివరికి పూర్తిగా పోయింది. అప్పటికే ఆయనను ఆంధ్ర స్కాట్ అని పిలిచేవారు. చూపు పోయాక ఆంధ్ర మిల్టన్ అన్నారు. ఇంగ్లిషు కవి మిల్టన్ గుడ్డివాడయ్యాకే తన మహాకావ్యాన్ని చెప్పి రాయించాడు. మన చిలకమర్తి కూడా అంతే, తను చెబుతుంటే మరొకరు రాసుకునేవారు. డెబ్బై ఏళ్లు దాటాక తన జీవితాన్నంతా జ్ఞాపకం చేసుకుంటూ ‘స్వీయచరిత్ర’ అలాగే రాయించారు. నాటి గోదావరి సీమ మనుషులు, బడులు, నాటకాలు, సభలు అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది.

ఒకరు చెప్పడం, ఒకరు రాయడం. ఒకరు చదవడం, ఒకరు వినడం. గుడ్డితనం ఆయనను ఒంటరిని చేయకపోవడానికి ఈ ఏర్పాటే కారణమని నాకనిపిస్తుంది. రోజూ ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆయన మాట కోసం ఎదురుచూసేవాడు. వినేవాళ్లున్నచోటే కబురు పుడుతుంది, కబురున్నచోటే నవ్వు పుడుతుంది.

ఇప్పుడు మన ఎమ్మిగనూరు, ఆదోని వైపు చూద్దాం. వానలు ముఖం చాటేస్తే కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు పల్లెల నుంచి వయసులో ఉన్నవాళ్లంతా సుగ్గికి పోతారు. కొందరు గుంటూరు మిరప చేలకు, కొందరు పత్తి తీతకు, కొందరు బెంగళూరు కట్టడాలకు. నెలల తరబడి ఇళ్లలో మిగిలేది అవ్వ, తాత, బడికి పోయే పిల్లలు. ఆ రోజుల్లో ఓపీకి వచ్చే అవ్వలకు నిద్ర పట్టదు, ఆకలి వేయదు, ఒళ్లంతా నొప్పులంటారు. పరీక్షల్లో పెద్దగా ఏమీ తేలదు. చివరిసారి ఎప్పుడు నవ్వారని అడిగితే చాలామందికి గుర్తు రాదు. ఎవరితో నవ్వాలి? పక్కన మనిషి ఉండాలి కదా.

దీనికి నేను రాసే చీటీలో మందు ఉండదు, ఒక పని ఉంటుంది. పొద్దు వాలాక కట్ట మీదికో, గుడి దగ్గరికో రోజూ వెళ్లాలి. పది మాటలు మాట్లాడాలి. ఇంట్లో ఉన్న మనవరాలు రోజూ ఒక కథ చదివి వినిపించాలి. సుగ్గికి పోయిన కొడుకు ఫోను చేసినప్పుడు డబ్బు సంగతే కాకుండా అక్కడ జరిగిన ఒక తమాషా సంగతి కూడా చెప్పాలి. ముంబైలో 1995లో ఒక డాక్టరు అయిదుగురితో మొదలుపెట్టిన లాఫింగ్ క్లబ్బులు ఇవాళ ప్రపంచమంతా ఉన్నాయి. మన దగ్గర రచ్చకట్ట ఎప్పటి నుంచో ఉంది. దానికి సభ్యత్వ రుసుము కూడా లేదు.

నవ్వు చేయలేని పనులు

చిలకమర్తి 78 ఏళ్లు బతికారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్లకు అటూ ఇటూగా ఉండేదన్నది గుర్తు చేసుకుంటే అది పెద్ద వయసే. నవ్వడం వల్లే అన్నేళ్లు బతికారని నేను చెప్పను. నవ్వు ఆయన చూపును నిలబెట్టలేకపోయింది కూడా. అది చేసింది మరో పని. చూపు లేని ఏళ్లను ఖాళీగా పోనివ్వలేదు.

కాబట్టి బీపీ మాత్రకు, షుగరు మందుకు, టీబీ కోర్సుకు నవ్వు బదులు కాదు. కొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి.

ఆస్తమా ఉన్నవాళ్లకు గట్టిగా నవ్వితే ఆయాసం రావచ్చు. అలా వస్తుంటే జబ్బు అదుపులో లేదని అర్థం, ఇన్‌హేలర్ గురించి డాక్టరును అడగండి.

కడుపు ఆపరేషను అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు లాఫింగ్ క్లబ్బుల్లో చేయించే బలవంతపు నవ్వుల జోలికి పోకపోవడం మేలు. ఇంట్లో మామూలుగా వచ్చే నవ్వుకు భయం లేదు.

పక్షవాతం వచ్చిన తర్వాత కొందరు కారణం లేకుండా నవ్వుతారు, లేదా ఏడుస్తారు. అది పిచ్చి కాదు, మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే లక్షణం. మందులున్నాయి. పిల్లలు ఉన్నట్టుండి అర్థం లేకుండా పదే పదే నవ్వుతూ ఆ కాసేపు స్పృహలో లేనట్టు ఉంటే అది మూర్ఛలో ఒక రకం కావచ్చు.

రెండు వారాలకు పైగా దేనికీ నవ్వు రాకపోతే, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే అది డిప్రెషన్ అయ్యుండొచ్చు. అలాంటి మనిషిని నవ్వమని బలవంతపెట్టకండి. పక్కన కూర్చుని వినండి, ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది

1946 జూన్ 17న చిలకమర్తి కన్నుమూశారు. అప్పటికి మన ఆదోని, ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలో ఉండేవి. రాజమహేంద్రవరానికీ మనకూ చాలా దూరం. అయినా ఆయన గణపతి ఆ దూరం దాటి మన బడులకు, మన రేడియోలకు వచ్చాడు.

గ్రంథాలయంలో ‘గణపతి’ దొరికితే తెచ్చుకోండి. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి నాలుగు పేజీలు గట్టిగా చదవండి. పాత మాటలు మీకు అర్థం కాకపోతే వాళ్లను అడగండి, చెప్పడంలో వాళ్లకూ హుషారు వస్తుంది. ఎవరు ఎక్కడ నవ్వారో చూడండి. అక్షరాలు మసకగా ఉన్నాయని, దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయని వాళ్లలో ఎవరైనా అంటే, పుస్తకం పక్కన పెట్టి తెల్లవారగానే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. శుక్లమైతే చిన్న ఆపరేషనుతో చూపు తిరిగి వస్తుంది. చిలకమర్తికి ఆ అదృష్టం లేకపోయింది, మీ ఇంట్లోవాళ్లకు ఉంది.